ఊరి నోట పడిన మాట



జనగామకు మూడు క్రోసుల దూరమున ఉన్న మా ఊరిలో, నా చిన్ననాట, పసులు ఇండ్లకు మరలివచ్చు సాయంకాలపు వేళ డప్పు చప్పుడు వినవచ్చినదనగా, పొయ్యి ముందర కూర్చున్న ఆడువారు కట్టె వెనుకకు లాగి, అరుగు మీది ముసలివారు చేతి చుట్టను చేతనే పట్టుకొని, పిల్లలము ఆట విడిచిపెట్టి, అందరమును వాకిళ్ళలోనికి వచ్చి నిలుచుండెడివారము. డప్పు పట్టిన పెద్దమనిషి అంతకు ముందే ఊరి చివర ఇంత వరిగడ్డి అంటించి, ఆ సెగకు తోలును కాచి, వ్రేలితో మీటి చూచి, నాదము బిగిసినదని నమ్మకము కుదిరిన పిదపనే బయలుదేరెడివాడు. కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టి, నాలుగు బాటలు కలియు చోట నిలిచి, చాటింపు దరువు వేసి, ఠక్కున ఆపి, ఆ ఆగిన చప్పుడు చెవులలో ఇంకను మ్రోగుచుండగనే మాట చెప్పెడివాడు. చెరువు తూము ఏనాడు ఎత్తుదురో, పోచమ్మకు బోనములు ఎప్పుడో, శిస్తు కట్టుటకు గడువెంతయో, సమస్తమును మాకు ఆ గొంతుననే తెలిసెడిది. ముందు చెవిని పట్టుకొని పిదప మాట అందించుట ప్రకటనకళకు మూలసూత్రమని పెద్ద పెద్ద నగరములలో నేడు బోధించుచున్నారు. ఆ సూత్రమును నేను మొట్టమొదట నేర్చుకొన్నది ఆ దరువు నుండి, దరువు తరువాతి ఆ క్షణకాలపు నిశ్శబ్దము నుండి.

ఆ గొంతునకు కూలి ఏమి ముట్టినదని అడుగకుండ ముందుకు సాగుటకు నా మనస్సు ఒప్పదు. నిజాము కాలమున ఈ తాలూకాలలో డప్పు చాటింపు వెట్టిచాకిరిలో ఒక భాగము. దొరకు కావలసిన మాటను, దొర కోరిన వేళ, ప్రతిఫలము లేకయే చాటవలసిన గతి డప్పు పట్టిన మాదిగ కుటుంబములకు పట్టినది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొర మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిదప చెలరేగిన రైతాంగ పోరాటములో, దొర మాటకు ఎదురుమాటను ఊరూరికి మోసికొనిపోయినవి బుర్రకథలు, గొల్లసుద్దులు. 1994లో పుట్టిన మాదిగ ఉద్యమము దండోర అను పేరుననే జనులలోనికి వచ్చి, తరతరములుగా పరుల మాట చాటిన వాద్యమును తన వారి హక్కు చాటుటకు మరల్చినది. కావుననే ఏ ప్రకటన విన్నను, అది ఎంత చతురముగా ఉన్నను, అది ఎవరి మాట, ఎవరి గొంతున పలుకుచున్నది, ఎవరి మేలునకు పలుకుచున్నది అని అడుగుట నాకు అలవాటయినది.

ఈ దినములలో ఒక సంగతి నాలుగు గడియలలో లోకమంతట వ్యాపించినచో వైరల్ అయినదని అనుచున్నాము. ఆ మాట రోగక్రిమి పేరు నుండి వచ్చినది. తెలుగువారు తరతరములుగా ఇదే భావమునకు ఊరి నోట పడినదనియు, పొక్కినదనియు, గుప్పుమన్నదనియు చెప్పుకొనుచున్నారు. గుప్పుమనుట వాసనకు ఉన్న గుణము. ఇంగువ తిరుగమోత వేసిన ఇల్లు ఏదో వీధి చివరివానికి తెలియును. రోగక్రిమి మనలను అడుగకయే మనలో చేరును గాని, నోట పడిన మాటను మనము ఇష్టపడి, మెచ్చుకొని, మన నమ్మకమును దానికి తోడుచేసి మరియొకనికి అందింతుము. నేటి నా ప్రసంగమంతయు ఈ ఒక్క భేదమును ఆశ్రయించి ఉన్నది.

ఈ గడ్డమీద ఆ రహస్యము తెలిసినవారు ఎన్నడును కొరవడలేదు. ఇప్పటి జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరును తన పేరుతో ముడివేసికొన్న పాల్కురికి సోమనాథుడు, శివభక్తుల కథలను పండితుల సభలకు పరిమితము చేయదలపక, ఆడుచు పాడుచు పని చేసికొను జనులకు నోటికి వచ్చునట్టి దేశి ఛందస్సయిన ద్విపదను కోరి ఎన్నుకొనెను. మోసికొనిపోవువాని భుజమునకు తగినట్లుగా మూట కట్టినవాడతడు. ఇక మేడారము మాట. 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా ఏర్పడినప్పుడు అందులో ఉండి, 2019లో ములుగు జిల్లాలోనిదయిన ఆ అడవి పల్లెకు రెండేండ్లకొకసారి మాఘమాసమున లక్షోపలక్షలుగా జనులు తరలిపోవుచున్నారు. 1996లో రాష్ట్ర ప్రభుత్వము ఆ సమ్మక్క సారలమ్మల జాతరను రాష్ట్ర పండుగగా గుర్తించినది, నేడు గోడపత్రములును వేయించుచున్నది. కాని గోడపత్రము పుట్టకమునుపే సమ్మక్క సారలమ్మల పేరు బస్తరు అడవుల వరకు పోయినది. అది ఎట్లు పోయినదో చూడవలెనన్నచో జాతర నుండి వచ్చినవారి ఇంటికి పోయి చూడుడు. అక్కడ బెల్లమును బెల్లమనరు, బంగారమందురు. తల్లులకు నిలువెత్తు బంగారము తూచి ఇచ్చి, అందులో ఇంతటి ముక్క కొంగున కట్టుకొని వచ్చి, వాడకట్టులో ఇంటింటికి చిటికెడు చిటికెడు పంచుదురు. అరచేతిలో ఆ బెల్లపు పలుకు, దానితోపాటు మ్రొక్కు చెల్లిన కథ. తిన్నవాడు మరుసటి జాతరకు బండి కట్టును.

ఈ చిటికెడు పంచు విద్యను వ్యాపారములోనికి తెచ్చి, దానితో ఒక జాతికే మేలు చేసిన తెలుగువాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, బొంబాయి చేరి, 1893లో అమృతాంజనము అను తలనొప్పి మందును తయారు చేసి అమ్మజూచినప్పుడు, పరాయి నగరములో పేరు తెలియని ఒక తెలుగువాని డబ్బీని పది అణాలు పెట్టి కొనువారు ఎవరు? పంతులుగారు ఆ పసుపుపచ్చని లేపనమును సంగీత కచేరీలు జరుగు చోట్లకు తీసికొనిపోయి ఊరకనే పంచిపెట్టినారని చెప్పుదురు. ఈ సంగతిని నేను పలుమారులు ఆలోచించితిని. కచేరీకి వచ్చినవాడు గంటల తరబడి ఒకచోటనే కూర్చుండును. దీపముల వేడికి, జన సమ్మర్దమునకు వానికి తల దిమ్మెక్కును. ఇంత లేపనము నుదుట పూసికొన్నంతనే ఆ ఘాటు గుప్పుమని ముందు వరుసవానిని, వెనుక వరుసవానిని తాకును. వారు తల త్రిప్పి అదేమని అడుగుదురు. పూసికొన్నవాడు తన మాటగా, తన అనుభవముగా చెప్పును. నుదుటి మీది పూతయే ప్రకటనము, ప్రక్కవాడే ప్రచారకుడు. ఇందులో మాయ ఏమియు లేదు. మందు పని చేయనిచో ఆ సభలోనే దాని పరువు పోయెడిది. తన సరకుపై తనకు అంతటి నమ్మకము ఉన్నవాడే దానిని ముందుగా ఊరక పంచిపెట్టగలడు.

ఆ డబ్బీల మీద వచ్చిన ధనమును పంతులుగారు ఏమి చేసిరో మనకు తెలియును. బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసున దినపత్రిక అయినది. 1924లో భారతి మాసపత్రిక వెలువడినది. ప్రాచీన గ్రంథములు చౌకవెలకు అచ్చుపడినవి. దేశోద్ధారక, విశ్వదాత అను బిరుదములు వారికి దక్కినవి. తలనొప్పి మందు ప్రకటనము ఒక భాషకు పత్రికను ఇచ్చిన దృష్టాంతము మన కళ్ళయెదుట ఉండగా, ప్రకటన అనగానే మోసమని పెదవి విరుచువారితో నేను ఏకీభవింపలేను.

చలనచిత్రముల సంగతి ఒక్క మాటలో ముగింతును. 2015 జూలై 10వ తేదీన విడుదలయిన బాహుబలి మొదటి భాగము, నమ్మిన సేవకుడు కథానాయకుని వెన్నుపోటు పొడిచిన ఘట్టముతో ముగిసి, కారణమేమో చెప్పకుండ జనులను ఇండ్లకు పంపినది. సమాధానము 2017 ఏప్రిల్ 28న గాని దొరకలేదు. ఆ ఇరువది యొక్క మాసములు ఆ ప్రశ్నను పసిపిల్లలు బడిలో, కూలీలు చేలలో, ఇతర భాషలవారు తమ తమ భాషలలో అడుగుకొనుచునే ఉండిరి. అవ్వలు వెన్నెలలో పొడుపుకథ వేసి, విప్పకుండ నిదురపుచ్చుటయు ఇదియే. విప్పని ముడి మనస్సును విడువదు.

2014 ఆగస్టులో జరిగిన ఉదంతము దీనికంటె నా హృదయమునకు దగ్గర. ఆ వేసవిలో అమెరికాలో ఏ.ఎల్.ఎస్. అను నరముల వ్యాధి పరిశోధనకు ధనము కూడబెట్టుటకై, బకెట్టెడు మంచునీళ్ళు నెత్తిన కుమ్మరించుకొని, మరి కొందరిని పేరుపెట్టి సవాలు చేయు వేడుక లోకమంతట వ్యాపించినది. అది మంచి కార్యమే. అయినను నీటిబొట్టుకై బిందెలు వరుసగా పెట్టు మన దేశమున ఆ వేడుకను ఉన్నదున్నట్లు అనుకరించుట తగునా అని ఆలోచించిన హైదరాబాదు పాత్రికేయురాలు మంజులతా కళానిధి, బకెట్టును అట్లే ఉంచి, అందులోని మంచునీళ్ళకు బదులు బియ్యము పోసినారు. తమ ఇంటి దాపున ఉపాహారములు అమ్ముకొను ఒక బడుగు మనిషికి బకెట్టెడు బియ్యమిచ్చి, ఆ చిత్రమును ఫేస్‌బుక్కులో పెట్టి, మీరును మీ దగ్గరి ఆకలిగొన్నవానికి ఒక బకెట్టు బియ్యమిచ్చి మరియొకరిని పిలువుడని కోరినారు. ఖర్చు పెట్టిన ప్రకటన కాదది, వెనుక ఏ కంపెనీయు లేదు. కొలది దినములలోనే రైస్ బకెట్ ఛాలెంజ్ అను పేరున దేశవిదేశములకు ప్రాకిపోయినది. అంత వేగముగా పోవుటకు హేతువేమి? అన్నము పెట్టుట అను మాటకు తెలుగు ఇంట వివరణ అక్కరలేదు. పండుగనాడు గంపలో బియ్యము పోసికొని గడపకు వచ్చినవానికి దోసెడు పెట్టిన తల్లులు మన ఇండ్ల నిండ ఉన్నారు. పాత అలవాటుకు కొత్త పిలుపు దొరికినది, అంతే. పిలుపు అందుకొన్నవాడు ముందుగా తన ఇంటి బియ్యము తీసి ఇయ్యవలెను, ఆ పిదపనే ఇతరులను పిలువవలెను. ఆ నియమము నాకు మిక్కిలి నచ్చినది.

ఇంతవరకు మంచి కథలు చెప్పితిని. ఇక చెప్పబోవునది మన పొలముల కథ. నేను నేడు ఈ రేడియో మైకు ముందర కూర్చున్నది ముఖ్యముగా దీనికొరకే.

ఓరుగల్లు పాత జిల్లాలో, అనగా ఇప్పటి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములన్నియు కలిసియున్న ఆ నాటి జిల్లాలో, 1997-98 సంవత్సరములందు పురుగు పత్తిచేలను దోచుకొనగా, అప్పుల పాలయిన రైతులు అనేకులు ప్రాణములు తీసికొనిరి. 2002 మార్చిలో, కాయతొలుచు పురుగును తట్టుకొనునట్లు జన్యువులు మార్చిన బీటీ పత్తికి దేశమున అనుమతి వచ్చినది. ఏడాదికొక కొత్త పేరుతో విత్తనపు సంచులు అంగళ్ళలో దిగసాగినవి. గ్లెన్ డేవిస్ స్టోన్ అను అమెరికా దేశపు మానవశాస్త్రజ్ఞుడు ఈ జిల్లా గ్రామములకు ఏటేట వచ్చి, ఏ రైతు ఏ విత్తనము కొనెనో, ఎందుకు కొనెనో అడిగి వ్రాసికొని, 2007లో దానిని ప్రకటించెను. ఆయన గమనించినది నేటికిని నన్ను కలవరపెట్టుచున్నది. ఒక ఊరిలో ఒక ఏడు దాదాపు అందరును ఒకే పేరుగల విత్తనమునకు ఎగబడుదురు. ప్రక్క ఊరివారు మరియొక పేరునకు ఎగబడుదురు. మరుసటి ఏడు ఆ రెండు పేర్లను విడిచి అందరును మూడవదాని వెంట పోవుదురు. పొలములో చూపదగిన కారణము ఏదియు కనబడదు. ఎంచుకొనుటకు అవకాశము లేనంత వేగముగా పేర్లు మారిపోవుచుండగా, రైతు తన చేలో పరీక్షించి నేర్చుకొను తాతలనాటి నేర్పు అడుగంటి, ప్రక్కవాని వైపు చూచి కొనుట ఒక్కటే మిగిలినదని ఆయన నిర్ణయము. ప్రక్కవాడు మాత్రము ఎవరిని చూచి కొనెను? వాడును తన ప్రక్కవానినే చూచెను.

భూపాలపల్లి వైపు నల్లరేగడిలో పత్తి పెట్టు మా మేనమామ ఒక ఏడు అట్లే చేసినాడు. రోహిణి కార్తెలో ఆటోకు మైకు కట్టుకొని ఒక కంపెనీవారు వచ్చిరి. దాని పేరు ఇక్కడ చెప్పను. సంచి మీద పళ్ళెమంత విచ్చిన పత్తికాయ, దానిని పట్టుకొని నవ్వుచున్న రైతు బొమ్మ. వాడకట్టులో అప్పటికే పదిమంది కొనిరి. "తెలిసిన విత్తనము పెట్టరాదా మామా" అని నేనన్నప్పుడు ఆయన చెప్పిన మాట ఇప్పటికిని నా చెవిలో ఉన్నది. "అందరు పెడుతున్నరు అల్లుడా, నేనొక్కణ్ణి పెట్టకుంటె ఎట్ల? రేపు వాళ్ళకు పండి నాకు పండకుంటె మీ అత్త ఊకుంటదా?" ఇందులో అవివేకము లేదు, ఆశ కూడ అంతగా లేదు, పదిమందిలో వెనుకబడుదునేమో అను భయము మాత్రము ఉన్నది, అమ్మువాడు గాలము వేసినది ఆ భయమునకే. ఆ ఏడు చేను నిలువెత్తు పెరిగినది, పూత పట్టినది, కాయ నిలువలేదు. అంగడికి పోయి అడిగినచో వానలు సరిగా పడలేదనిరి. రసీదు లేదు. సంచిని విత్తిననాడే గట్టున పారవేసినారు. మహబూబాబాదు వైపు మిర్చి పెట్టువారిని అడుగుడు, పది గ్రాముల పొట్లమునకు వారు పెట్టు ధర ఎంతయో, ఆ పొట్లము పేరు వారికి మొదట చెప్పినవాడెవడో.

నోటి మాటగా పోయిన విత్తనములన్నియు ఇట్టివే అనుట నా అభిప్రాయము కాదు. 1986లో బాపట్ల పరిశోధన స్థానము నుండి వెలువడిన సాంబ మసూరి వరికి ఆటోలు తిరుగలేదు, నటులు నవ్వలేదు. ఒక రైతు పండించి, వండి, తిని, మరియొక రైతునకు చెప్పగా అది తెలుగు దేశమంతట నిండినది. అంతకు పూర్వము 1960ల దశకమున తంజావూరి రైతులు ఏ.డి.టి. 27 అను వరిని రేడియో వరి యనియే పిలిచినారు, దాని సంగతి వారికి ఆకాశవాణి చెప్పినది గనుక. ఈ ముచ్చట తలచుకొన్నప్పుడెల్ల ఈ మైకు ముందు కూర్చుండుటకు నాకు గర్వమును కలుగును, బెదురును కలుగును. 1967 నవంబరు 1 నుండి వివిధ భారతిలో వ్యాపార ప్రకటనలు వచ్చుచున్నవి. అమ్మువాని మాటకును వ్యవసాయ కార్యక్రమపు మాటకును గొంతు భేదము శ్రోతకు తెలియునట్లు ఉంచుట ఆనాటి నుండి మా అందరి బాధ్యతయైనది.

శాసనము ఈ విషయమున కొంత ముందుకు వచ్చినది. 2012లో సుప్రీంకోర్టు, అప్పటి ఉమ్మడి రాష్ట్రపు రైతులకును జాతీయ విత్తన సంస్థకును నడుమ నడచిన వ్యాజ్యములో, చెడు విత్తనము వలన నష్టపోయిన రైతు వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చుననియు, పరీక్షకై విత్తనపు నమూనా దాచిపెట్టుమని రైతును ఆశించుట తగదనియు తీర్పు చెప్పినది. కొన్న గింజలన్నియు విత్తుకొనువాడే గదా రైతు! 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, తప్పుదారి పట్టించు ప్రకటనకు పది లక్షల వరకు, మరల చేసినచో ఏబది లక్షల వరకు జరిమానా విధింపవచ్చునన్నది. సరకు చేసినవానితో పాటు దానిని మెచ్చుకొని చెప్పిన నటునికిని ఇది వర్తించును. అయితే తాను తగినంత విచారించి తెలిసికొనియే చెప్పినట్లు నిరూపించుకొన్నవానికి మినహాయింపు కలదు. కోట్ల రూపాయలు తీసికొన్న నటుని చట్టము అడుగు ఆ ప్రశ్ననే, ఒక పైసా తీసికొనక వాట్సాపులో మాట పంపు మనమును అడుగుకొనవలెనని నా మనవి: ఇది నా చేలో పండినదా? నా ఇంట వండినదా? లేనిచో, నేను వినినది మాత్రమే అని ఆ మాట చివర చేర్చి పంపుదము.

రైతు సోదరులకు మరి రెండు మాటలు. ఈ వానకాలమున విత్తనము కొన్ననాడు రసీదు అడిగి తీసికొనుడు, దాని మీద లాట్ నంబరు వ్రాయించుడు. ఖాళీ సంచిని గట్టున పారవేయక, పంట ఇల్లు చేరువరకు దూలమునకు చెక్కి ఉంచుడు. ఆటో మైకు పిలిచినప్పుడు ఆటోను ఆపి, పోయిన ఏడు ఈ విత్తనము పెట్టిన రైతు ఏ ఊరిలో ఉన్నాడని అడుగుడు. ఊరు చెప్పినచో పోయి చూచి రండు. నష్టము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. ఈ నంబరును మాత్రము తప్పక పదిమందికి చెప్పుడు.